అండాల సేకరణలో నొప్పి, మత్తు

అండాన్ని శరీరం బయట ఫలదీకరింపజేసే ఐవీఎఫ్ చికిత్సలో అండాశయాల నుంచి అండాలను బయటికి తీసే ఘట్టాన్ని ఆసుపత్రుల్లో ఎగ్ పికప్ అంటారు. ఇది పది నుంచి ఇరవై నిమిషాల పని. కోత ఉండదు, కుట్లు ఉండవు, చాలామంది ఆ సాయంత్రానికే ఇల్లు చేరతారు. అయినా పొడవాటి సూది ఒకటి యోని గోడను దాటి అండాశయంలోకి దిగుతుంది కాబట్టి, నొప్పి తగ్గించే ఏర్పాటు ఏదో ఒకటి లేకుండా ఈ పని మొదలుపెట్టరు. ఆ ఏర్పాటు దేశాన్ని బట్టి, ఆసుపత్రిని బట్టి మారుతుంది. ఒకచోట పూర్తిగా నిద్రపుచ్చుతారు. ఇంకోచోట సగం మెలకువలో ఉంచి, మాట్లాడిస్తూనే పని కానిస్తారు. మందుల్లో ఇన్ని దారులున్నా, నొప్పి తగ్గిందో లేదో చెప్పగలిగేది మాత్రం బల్ల మీద పడుకున్న మనిషి ఒక్కతే. ఈ విషయంలో జరిగిన మేలైనా కీడైనా చాలావరకు ఆమె మాట విన్నారా లేదా అన్నదాని మీదే ఆధారపడింది.

మామూలుగా నెలకు ఒక అండం పక్వానికి వస్తుంది. ఐవీఎఫ్‌లో పది రోజుల పాటు, అటూఇటూగా, హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చి ఒకేసారి చాలా అండాలను పెంచుతారు. ఒక్కో అండం ఫాలికల్ అనే నీటి సంచిలో పెరుగుతుంది. స్కానింగ్‌లో ఆ సంచులు 18 మిల్లీమీటర్ల దరిదాపుల్లోకి వచ్చాక, అండాలను చివరి పక్వానికి తెచ్చే ట్రిగ్గర్ ఇంజెక్షన్ వేస్తారు. అక్కణ్నుంచి లెక్క గంటల్లో నడుస్తుంది. 34 నుంచి 36 గంటల మధ్య అండాలను తీసేయాలి. ఇవాళ రాత్రి పదింటికి ట్రిగ్గర్ పడితే ఎల్లుండి ఉదయం పదిలోపు పని జరగాలి. ఆలస్యమైతే సంచులు వాటంతటవే పగిలి అండాలు కడుపులోకి జారిపోతాయి. జ్వరం వచ్చిందనో, పొద్దున్నే ఏదో తినేశారనో చాలా చిన్న ఆపరేషన్లను మర్నాటికి వాయిదా వేస్తారు. దీనికి ఆ వెసులుబాటు లేదు. మత్తు గురించి ముందే ఆలోచించి పెట్టుకోవడానికి ఇది మొదటి కారణం.

థియేటర్‌లో కాళ్లు పైకెత్తి ఆనించి పడుకోబెడతారు. యోనిలోకి పెట్టే స్కానింగ్ ప్రోబ్‌కు సన్నటి గొట్టం ఒకటి బిగించి ఉంటుంది. సూది అందులోంచే ముందుకు పోతుంది. పొడవు ముప్పై సెంటీమీటర్లకు పైమాటే, మందం ఇంచుమించు మిల్లీమీటరున్నర. దాని కొన తెర మీద తెల్లటి చుక్కలా మెరుస్తుంది. కొన సంచిలోకి దిగగానే డాక్టరు కాలితో పెడల్ నొక్కుతారు, సక్షన్ పంపు లోపలి ద్రవాన్ని లాగుతుంది. అప్పటిదాకా తెర మీద నల్లగా గుండ్రంగా కనిపించిన సంచి ముడుచుకుపోయి కనబడకుండా పోతుంది. ఎండుగడ్డి రంగు ద్రవం, ఒక్కోసారి నెత్తుటి చారలతో, శరీరమంత వెచ్చగా ఉంచిన టెస్ట్ ట్యూబ్‌లో పడుతుంది. నర్సు ఆ ట్యూబును పక్కనున్న ల్యాబులోకి అందిస్తుంది. మైక్రోస్కోపు ముందు కూర్చున్న ఎంబ్రియాలజిస్టు అండం కనబడినప్పుడల్లా లోపలి నుంచి లెక్క చెబుతుంటారు. ఒకవైపు అండాశయం ఖాళీ అయ్యాక సూది బయటికి తీసి రెండోవైపు గుచ్చుతారు.

నొప్పి ఇందులో రెండు చోట్ల పుడుతుంది. ఆ రెండూ ఒక రకం కావు. మొదటిది యోని గోడ. సూది గుచ్చేది గోడ పైభాగంలో, గర్భాశయ ముఖద్వారానికి పక్కన. అక్కడికి వచ్చే నరాలు గర్భాశయాన్ని అంటిపెట్టుకుని ఉండే నరాల అల్లిక నుంచి వస్తాయి. ఆ అల్లిక చుట్టూ తిమ్మిరి మందు ఎక్కిస్తే చాలావరకు ఆ భాగం మొద్దుబారుతుంది. రెండోది అండాశయం. దాని నరాలు వేరు. అవి రక్తనాళాల వెంట పైకి పోయి, వీపు మధ్యభాగంలో పదో, పదకొండో వెన్నుపూసల దగ్గర వెన్నుపాములో కలుస్తాయి. అందుకే అండాశయానికి సూది తగిలితే నొప్పి ఫలానా చోటని వేలుపెట్టి చూపించలేరు. బొడ్డు చుట్టూ, నడుములో పిండినట్టు ఉంటుంది, కడుపులో తిప్పుతుంది, ఒక్కోసారి చెమట పడుతుంది. కింద ఇచ్చిన తిమ్మిరి మందు అంత పైదాకా పోదు. నొప్పి నివారణలో చిక్కంతా ఇక్కడే ఉంది. ఒక్క సూదితో రెండు నొప్పులూ పోవు.

నొప్పి అందరికీ ఒకేలా ఉండదు. సంచులు ద్రాక్షగుత్తిలా ఒకదానికొకటి ఆనుకుని ఉంటే చేయి తిరిగిన డాక్టరు సూదిని అండాశయం దాటి బయటికి రానివ్వకుండానే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోనిస్తారు. అండాశయం పైపొరను సూది మళ్లీ మళ్లీ దాటాల్సి వస్తే నొప్పి పెరుగుతుంది. పీసీఓఎస్ అనే హార్మోన్ సమస్య ఉన్నవారిలో సంచులు ఎక్కువ, కాబట్టి సమయమూ ఎక్కువే. గర్భాశయ పొరలాంటి కణజాలం దాని బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ ఉన్నవారిలో అండాశయం చుట్టుపక్కల అవయవాలకు అతుక్కుపోయి కదలకుండా ఉంటుంది, అక్కడి నరాలు అప్పటికే రేగి ఉంటాయి. పాత ఆపరేషన్ల వల్ల అండాశయం పైకి లాక్కుపోయి ఉంటే కింద పొట్టను చేత్తో నొక్కిపట్టాల్సి వస్తుంది. అదీ నొప్పే. వీటికి తోడు భయం. ఏళ్ల తరబడి పరీక్షలు, ఇంజెక్షన్లు, అప్పులు, బంధువుల ప్రశ్నలు దాటుకుని వచ్చిన మనిషి ఆ బల్ల మీద మామూలు మనసుతో పడుకోదు. ఇవన్నీ ముందురోజు పది నిమిషాలు కూర్చుని మాట్లాడితే తెలిసే సంగతులు. రోజుకు ఇన్ని కేసులని పరుగెత్తే చోట ముందుగా కోత పడేది ఆ పది నిమిషాలకే.

తొలిరోజుల్లో ఈ పని ఇంత తేలిక కాదు. ఇంగ్లండులో పాట్రిక్ స్టెప్టో, రాబర్ట్ ఎడ్వర్డ్స్, జీన్ పర్డీ కలిసి చేసిన కృషి వల్ల 1978 జులై 25న ప్రపంచపు తొలి టెస్ట్ ట్యూబ్ బేబీ లూయిస్ బ్రౌన్ పుట్టింది. ఆమె తల్లి నుంచి అండాన్ని తీసింది లాప్రోస్కోపీ ద్వారా. అంటే పూర్తి మత్తు, కడుపులోకి గ్యాస్ నింపడం, పొట్ట మీద చిన్న కోతలు, లేచాక భుజాల్లో రోజుల తరబడి నొప్పి. భుజాల నొప్పికి కారణం కడుపులో మిగిలిన గ్యాస్ ఉదరవితానాన్ని రేపడమే. ఆ ఏడాదే అక్టోబర్ 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ పనితనం వల్ల మన దేశపు తొలి టెస్ట్ ట్యూబ్ బేబీ పుట్టింది. ఆయన లాప్రోస్కోపీ జోలికి పోలేదు. యోని వెనక గోడలో చిన్న కోత పెట్టి అటు నుంచి అండాశయాన్ని అందుకున్నారు. ప్రభుత్వం వేసిన కమిటీ ఆయన మాటను నమ్మలేదు. 1981లో ఆయన తన ప్రాణం తానే తీసుకున్నారు. ఇవాళ లోకమంతా అండాలు తీస్తున్నది యోని దారినే.

పద్ధతిని మార్చింది స్కానింగ్. 1980ల మొదట్లో కోపెన్‌హేగన్‌లో సూసన్ లెన్జ్ బృందం స్కానింగ్ చూస్తూ, నిండిన మూత్రాశయం మీదుగా సూదిని అండాశయంలోకి పంపింది. 1984లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ నుంచి పియర్ డెలెన్‌బాక్ బృందం యోని దారిన సూది వేయడం గురించి రాసింది. ఆ తర్వాత వియన్నాలో విల్‌ఫ్రీడ్ ఫైక్టింగర్, పీటర్ కెమెటర్ స్కానింగ్ ప్రోబ్‌నే యోనిలో పెట్టి, దాని పక్కనే సూది పోయేలా చేశారు. అండాశయం ప్రోబ్ కొనకు రెండు మూడు సెంటీమీటర్ల దూరంలోకి వచ్చేసింది. దాంతో గ్యాస్ పోయింది, కోతలు పోయాయి, పూర్తి మత్తు తప్పనిసరి కాకుండా పోయింది. నొప్పి మాత్రం పోలేదు, తగ్గింది. ఈ మార్పుతో ఒక అపార్థం కూడా వచ్చింది. పెద్ద ఆపరేషన్‌గా ఉన్నది చిన్నదయ్యేసరికి, ఇందులో నొప్పి అనేదే పెద్ద విషయం కాదన్న అభిప్రాయం వైద్యుల్లోనూ పాతుకుంది.

మత్తు అనే మాటను అందరూ ఒకే అర్థంలో వాడతారు గానీ వైద్యులు దానికి మెట్లు కట్టారు. మొదటి మెట్టులో బెరుకు పోతుంది, మనిషి మెలకువగానే ఉంటుంది. రెండోదాంట్లో మగతగా ఉంటుంది, పిలిస్తే పలుకుతుంది. మూడోదాంట్లో గట్టిగా తట్టి లేపితే గాని కదలదు. నాలుగోది పూర్తి మత్తు, నొప్పి పెట్టినా లేవదు. ఈ మెట్ల మధ్య గోడలు లేవు. రెండో మెట్టుకని ఇచ్చిన మోతాదు ఒకరిని మూడోదాంట్లోకి దించేయొచ్చు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ రెండో మెట్టునే, అంటే పిలిస్తే పలికే మగతనే, అండాల సేకరణకు తగినదిగా సూచించింది. మన దేశంలో ఎక్కువ కేంద్రాలు ఇంకాస్త లోతుకు పోతాయి. మత్తు డాక్టరును పిలిపించి, రక్తనాళంలోకి మందు ఇచ్చి, పని పూర్తయ్యేదాకా నిద్రపుచ్చుతారు. పని జరిగినట్టే తెలియదని చాలామంది దీన్నే కోరుకుంటారు, అందులో తప్పుపట్టాల్సింది లేదు. కాకపోతే నిద్ర లోతు పెరిగేకొద్దీ పక్కన ఉండాల్సిన మనిషి నైపుణ్యమూ పెరగాలి.

నిద్రపుచ్చే మందుల్లో ముఖ్యమైనది ప్రొపోఫాల్. పాలలా తెల్లగా ఉంటుంది. సోయా నూనె, గుడ్డు పచ్చసొన నుంచి తీసిన లెసిథిన్ కలిపి తయారుచేస్తారు. దీన్ని కనిపెట్టడంలో ముఖ్యుడు జాన్ గ్లెన్ చదివింది పశువైద్యం. 2018లో ఆయనకు లాస్కర్ పురస్కారం వచ్చింది. చేతి నరంలోకి పోతున్నప్పుడు మందు చురుక్కుమని మండుతుంది, అర నిమిషం గడిచేసరికి నిద్ర ముంచుకొస్తుంది. ఆపేసిన కొద్ది నిమిషాలకే మనిషి కళ్లు తెరుస్తుంది. ఇన్ని మంచి గుణాలున్న ఈ మందుకు నొప్పిని చంపే శక్తి మాత్రం లేదు. నిద్రపుచ్చడం వేరు, నొప్పి తీయడం వేరు. అందుకే దానితో పాటు నొప్పి మందు కూడా ఇవ్వాలి. ఎక్కువ చోట్ల ఆ పని చేసేది ఫెంటానిల్. మార్ఫిన్‌తో పోలిస్తే ఇంచుమించు నూరు రెట్లు బలమైనది కాబట్టి దీన్ని మైక్రోగ్రాముల్లో కొలుస్తారు. ఒకటి రెండు నిమిషాల్లో పట్టుకుంటుంది, అరగంట నుంచి గంట దాకా ఉంటుంది. పది ఇరవై నిమిషాల పనికి సరిగ్గా సరిపోయే మందు.

మూడో మందు మిడజోలం. భయం తగ్గిస్తుంది, మగత తెస్తుంది, అంతకంటే విచిత్రంగా జ్ఞాపకాన్ని చెరిపేస్తుంది. ఈ చివరి గుణం గురించి కాస్త ఆలోచించాలి. మిడజోలం తీసుకున్న మనిషి సూది పడ్డప్పుడు మూలగవచ్చు, కాళ్లు లాక్కోవచ్చు, ఆపమని అడగవచ్చు. రెండు గంటల తర్వాత అడిగితే ఏమీ గుర్తులేదని, బాగానే జరిగిందని చెబుతుంది. ఆసుపత్రి రికార్డులో నొప్పి లేదని పడుతుంది. గుర్తులేని నొప్పిని నొప్పిగా లెక్కపెట్టాలా వద్దా అన్నది తత్వవేత్తల ప్రశ్నలా అనిపించవచ్చు గానీ, పని జరుగుతున్నప్పుడు ఆ శరీరం దాన్ని అనుభవించింది, గది అంతా చూసింది. మంచి పరిశోధనలు పని జరుగుతున్నప్పటి నొప్పిని, తర్వాతి నొప్పిని విడివిడిగా కొలిచేది అందుకే. కొలత చాలా మామూలుది. సున్నా నుంచి పది దాకా ఒక గీత గీసి, నొప్పి ఎక్కడుందో చూపించమంటారు.

తిమ్మిరి మందు దారి వేరు. గర్భాశయ ముఖద్వారానికి రెండు పక్కలా లిగ్నోకెయిన్ ఎక్కిస్తారు. దీన్ని పారాసర్వైకల్ బ్లాక్ అంటారు. మనిషి పూర్తి మెలకువలో ఉంటుంది, తెర మీద తన అండాశయాలను తానే చూడగలుగుతుంది. యోని గోడ నొప్పి చాలా తగ్గుతుంది, అండాశయం నొప్పి కొంత మిగులుతుంది. సంచులు నాలుగైదే ఉన్నప్పుడు, ఊపిరితిత్తుల జబ్బో గుండె జబ్బో ఉండి మత్తు ప్రమాదమైనప్పుడు, ఉపవాసం కుదరనప్పుడు ఇది బాగా పనికొస్తుంది. హాంకాంగ్ వైద్యులు 1999లో ప్రచురించిన పరిశోధనలో అందరికీ మగత మందు ఇచ్చి, కొందరికి తిమ్మిరి మందు, మరికొందరికి ఉత్త సెలైన్ ఎక్కించి చూశారు. సెలైన్ పడ్డవారికి నొప్పి బాగా ఎక్కువగా తెలిసింది. మగత ఉన్నా తిమ్మిరి మందు వృథా కాదని దీంతో తేలింది. నడుములో ఇచ్చే స్పైనల్ మత్తూ ఉంది. నొప్పి పూర్తిగా పోతుంది గానీ ఇరవై నిమిషాల పనికి కాళ్లు గంటల తరబడి కదలవు, మూత్రం ఆలస్యమవుతుంది. ప్రత్యేక కారణం ఉంటే తప్ప దీన్ని ఎవరూ మొదటి ఎంపికగా పెట్టుకోరు.

ఇన్నిటిలో ఏది మేలు? వైద్య పరిశోధనలను జల్లెడపట్టే కోక్రేన్ సంస్థ 2018లో ఈ ప్రశ్న మీద 24 పరిశోధనలను, వాటిలో పాల్గొన్న 3,160 మంది స్త్రీల వివరాలను ఒకచోట చేర్చి చూసింది. ఏ ఒక్క పద్ధతీ మిగతావాటికంటే మెరుగని తేలలేదు. ఒకటికంటే ఎక్కువ పద్ధతులు కలిపి వాడినప్పుడు నొప్పి బాగా తగ్గిందని మాత్రం తేలింది. నొప్పి పుట్టేది రెండు చోట్ల కాబట్టి మందులు కూడా రెండు వైపుల నుంచి రావడమే సబబు. మగతకు ఆక్యుపంక్చర్ తోడైతే కొంత ఫలితం కనిపించిందని కూడా ఆ సమీక్షలో ఉంది. దాన్ని ఒక్కదాన్నే నమ్ముకునే పద్ధతికి అందులో ఆధారం లేదు. గర్భం నిలిచే అవకాశంలో ఒక పద్ధతికీ ఇంకోదానికీ చెప్పుకోదగ్గ తేడా బయటపడలేదు.

ఈ చివరి మాట చాలామంది భయానికి సమాధానం. మత్తు మందు అండానికి చేటు చేస్తుందేమోనని నొప్పి మందు వద్దనే స్త్రీలున్నారు. ఆ అనుమానం గాలిలోంచి పుట్టలేదు. ప్రొపోఫాల్ ఫాలికల్ ద్రవంలోకి చేరుతుంది. పని సాగేకొద్దీ దాని పాళ్లు పెరుగుతాయి, అంటే చివర తీసిన అండం చుట్టూ మందు ఎక్కువ ఉంటుంది. ఎలుకల అండాలను ప్రయోగశాలలో ఆ మందులోనే నానబెట్టినప్పుడు ఫలదీకరణ తగ్గిందని కొందరు గమనించారు. కానీ ఆసుపత్రిలో అండం ఆ ద్రవంలో మిగిలేది కొద్ది నిమిషాలే. వెంటనే కడిగి వేరే ద్రావకంలోకి మారుస్తారు. మనుషుల్లో చూసిన ఫలితాల్లో మామూలు మోతాదుల వల్ల చెడు కనబడలేదు. అండం బాగుండాలని నొప్పిని ఓర్చుకోవాల్సిన పని లేదు. పైగా నొప్పికి కదిలే మనిషిలో సూది పక్కకు జరిగితే దగ్గర్లోని పెద్ద రక్తనాళాలకు, పేగుకు తగిలే ప్రమాదం ఉంది. నొప్పి నివారణ సుఖం కోసమే కాదు, భద్రత కోసం కూడా.

మత్తులో అసలు ప్రమాదం ఊపిరికే. ప్రొపోఫాల్, ఫెంటానిల్, మిడజోలం మూడూ ఊపిరిని మందగింపజేసేవే, కలిసినప్పుడు ఒకదాని బలం ఇంకోటి పెంచుతుంది. ఊపిరి మీద కన్నేసి ఉంచాలన్న పాఠానికి హైదరాబాద్‌తో పాత సంబంధం ఉంది. ఆనాటి మత్తుమందు క్లోరోఫాం ఇచ్చినప్పుడు ముందు ఆగేది గుండా, శ్వాసా అన్న తగువు తేల్చడానికి 1888లోను, 1889లోను నిజాం ప్రభుత్వం ఖర్చుతో ఇక్కడ రెండు కమిషన్లు పనిచేశాయి. డాక్టర్ ఎడ్వర్డ్ లారీ నడిపించిన ఆ ప్రయోగాలు వందల జంతువులపై జరిగాయి. శ్వాసే ముందు ఆగుతుందని, దాన్ని కనిపెట్టి ఉంటే చాలని కమిషన్ తేల్చింది. క్లోరోఫాం నేరుగా గుండెను కూడా ఆపగలదని తర్వాతి పరిశోధనల్లో రుజువైంది కాబట్టి ఆ తీర్పు సగమే నిలిచింది. ఆ లారీ దగ్గరే పనిచేసిన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరిగా చెబుతారు. ఇవాళ వేలికి తొడిగే పల్స్ ఆక్సీమీటరు, వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడును కొలిచే యంత్రం, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉన్నాయి. అవి ఉన్నా, మత్తును చూసుకోవడమే పనిగా ఒక మనిషి తల దగ్గర నిలబడాలి. సూది పట్టుకున్న డాక్టరే మత్తును కూడా గమనించుకుంటానంటే కుదరదు.

ఉపవాసం నియమం కూడా ఊపిరి కోసమే. మగతలో గొంతు రక్షణ సడలుతుంది, కడుపులో ఉన్నది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అన్నం, టిఫిన్ లాంటివి ఆరు గంటల ముందు ఆపాలి. నూనె, మాంసం ఎక్కువున్న భోజనానికి ఎనిమిది గంటలు. మంచినీళ్లు రెండు గంటల ముందు దాకా తాగొచ్చు. పాలు పోసిన కాఫీ, టీ నీళ్ల లెక్కలోకి రావు, అన్నం లెక్కలోకే వస్తాయి. తెల్లవారుజామున ఒక గ్లాసు కాఫీ తాగితే ఏమవుతుందిలే అనుకుని, థియేటర్ గుమ్మంలో ఆ మాట దాచిపెట్టేవాళ్లున్నారు. చెబితే వాయిదా వేస్తారని భయం. నిజానికి చెబితే చాలాసార్లు లోతైన మత్తు మానేసి తిమ్మిరి మందుతో కానిచ్చే దారి వెతుకుతారు. దాస్తే ప్రాణానికే ముప్పు. బరువు తగ్గడానికి సెమాగ్లూటైడ్ లాంటి ఇంజెక్షన్లు వాడుతున్నవారిలో కడుపు ఆలస్యంగా ఖాళీ అవుతుంది కాబట్టి ఆ సంగతి మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి.

మందు సరైనది, మోతాదు సరైనది, రికార్డులో అన్నీ సరిగా ఉన్నాయి, అయినా నొప్పి పోలేదు. ఇలాంటిది 2020లో అమెరికాలో జరిగింది. కనెక్టికట్ రాష్ట్రంలో యేల్ విశ్వవిద్యాలయం నడిపే సంతాన సాఫల్య క్లినిక్‌లో ఒక నర్సు ఫెంటానిల్ సీసాలను తన వాడకానికి తీసుకుని, ఖాళీ అయినవాటిలో సెలైన్ నింపి తిరిగి పెట్టేది. ఆ ఏడాది జూన్ నుంచి అక్టోబర్ దాకా రోగులకు ఇచ్చిన ఫెంటానిల్‌లో దాదాపు 75 శాతం ఇలా కల్తీ అయిందని ప్రభుత్వ న్యాయవాదులు తేల్చారు. కొన్ని సీసాల్లో మందు పలచబడింది, కొన్నిటిలో ఉన్నది ఉప్పునీరే. ఆ నెలల్లో అండాలు తీయించుకున్న స్త్రీలు బల్ల మీద అరిచారు, నొప్పి తెలుస్తోందని చెప్పారు. ఇవ్వగలిగినంతా ఇచ్చేశామన్న జవాబు కొందరికి వచ్చింది.

ఆ క్లినిక్‌లో పనిచేసినవారంతా కఠినాత్ములని అనుకోనక్కర్లేదు. ఈ మనిషికి సంచులు ఎక్కువ, ఈమెకు ఎండోమెట్రియోసిస్ ఉంది, ఈమెకు భయం ఎక్కువ, కొందరికి మందు త్వరగా పట్టదు. ఒక్కో కేసును విడిగా చూస్తే ప్రతి వివరణా నమ్మేలాగే ఉంటుంది. అన్ని కేసులనూ పక్కపక్కన పెట్టి చూస్తే జూన్ నుంచి నొప్పి ఎందుకు పెరిగిందన్న ప్రశ్న లేచి ఉండేది. స్త్రీ నొప్పికి ఆమె శరీరంలోనో మనసులోనో కారణం వెతకడం అలవాటైపోయిన చోట, సీసాలో వెతకాలన్న ఆలోచన ఎవరికీ రాదు. ఆ నర్సు 2021లో నేరం ఒప్పుకుంది. నాలుగు వారాంతాల జైలు, మూడు నెలల గృహనిర్బంధం శిక్షగా పడ్డాయి. నియంత్రిత మందుల లెక్కల్లో లోపాలకు గాను 2022లో విశ్వవిద్యాలయం ప్రభుత్వానికి 3 లక్షల 8 వేల డాలర్లకు పైగా చెల్లించింది. బాధితులు విడిగా దావాలు వేశారు. 2023లో సూసన్ బర్టన్ చేసిన 'ది రిట్రీవల్స్' అనే ఆడియో ధారావాహిక ఆ స్త్రీల మాటలను ప్రపంచానికి వినిపించింది.

ఆ ఉదంతం నుంచి వైద్యులు నేర్చుకోదగినది పెద్ద సాంకేతిక విషయమేమీ కాదు. తాళం వేసిన బీరువా, ఇద్దరి సంతకాలతో సీసాల లెక్క, మూత చెదిరిందేమోనని చూడటం ఎప్పటినుంచో ఉన్న నియమాలే. ప్రతి ఎగ్ పికప్ తర్వాత నొప్పి ఎంత అని అడిగి, సున్నా నుంచి పదిలో ఒక అంకె రాసి, నెలకోసారి ఆ అంకెలను కలిపి చూసే పద్ధతి మాత్రం ఇప్పటికీ ఎన్నో చోట్ల లేదు. ఎన్ని అండాలు వచ్చాయో, ఎన్ని ఫలదీకరణ చెందాయో ప్రతి కేంద్రమూ లెక్క కడుతుంది.

మన దేశంలో ఈ చికిత్సను నియంత్రించేది 2021 నాటి సహాయక పునరుత్పత్తి సాంకేతికత చట్టం. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఐవీఎఫ్ చేసే క్లినిక్‌లు రిజిస్టర్ చేసుకోవాలి. చికిత్సకు ముందు రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి. అంగీకార పత్రంలో మత్తు గురించి ఒక భాగం ఉంటుంది గానీ చాలామంది దాన్ని చదవకుండానే, చూపించిన చోటల్లా సంతకాలు పెట్టి ఇచ్చేస్తారు. అడగాల్సిన ప్రశ్నలు ఆరుకు మించవు. మత్తు ఎవరు ఇస్తారు, ఆయన మొదటి నుంచి చివరిదాకా గదిలో ఉంటారా, పూర్తిగా నిద్రపుచ్చుతారా మగతేనా, మధ్యలో నొప్పి తెలిస్తే ఎలా చెప్పాలి, అప్పుడేం చేస్తారు, ఆ ఖర్చు ప్యాకేజీలో ఉందా లేదా. ఫెంటానిల్ మన దగ్గర మాదకద్రవ్యాల చట్టం కింద ఉన్న మందు. 2014 సవరణ తర్వాత దాన్ని అత్యవసర మాదక ఔషధాల జాబితాలో చేర్చి అనుమతుల పద్ధతిని సులభం చేశారు. అయినా గుర్తింపు పొందిన సంస్థలే దాన్ని నిల్వ ఉంచుకోగలవు. అది లేని చోట ట్రమడాల్, కెటమిన్, డైక్లోఫెనాక్ లాంటి వేరే మందులతో నెట్టుకొస్తారు. అనుభవం ఉన్న చేతుల్లో అవీ పనిచేస్తాయి.

అండదాతల సంగతి వేరుగా చెప్పుకోవాలి. చట్టం ప్రకారం దాత వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలి, జీవితంలో ఒక్కసారే అండాలు ఇవ్వాలి, ఏడు అండాలకు మించి తీయకూడదు. చికిత్స కోరిన దంపతులు ఆమెకు పన్నెండు నెలల బీమా చేయించాలి. దాతకు, చికిత్స కోసం వచ్చిన స్త్రీకి ఆ బల్ల మీద తేడా ఉండకూడదు. తేడా వచ్చేది బల్ల దిగాక. ఒకరి పక్కన భర్త, తల్లి, ఫోన్ చేస్తే పలికే డాక్టరు ఉంటారు. దాతకు అవేవీ ఉండకపోవచ్చు. రాత్రి కడుపు నొప్పి పెరిగితే ఎవరికి చెప్పుకోవాలో ఆమెకు ముందే, ఆమె భాషలో, రాసి ఇవ్వాలి.

మత్తు దిగాక రెండు మూడు గంటలు పడుకోబెట్టి చూస్తారు. నెలసరి నొప్పిలాంటిది పొత్తికడుపులో ఉంటుంది, కొద్దిగా రక్తం కనిపిస్తుంది, కడుపు ఉబ్బినట్టుంటుంది. చాలామందికి పారాసెటమాల్ సరిపోతుంది. డైక్లోఫెనాక్ లాంటి మందులు పిండం అంటుకోవడానికి అడ్డమేమోనన్న అనుమానంతో కొందరు డాక్టర్లు రాయరు. పని జరిగిన రోజు ఒక మోతాదు ఇచ్చి చూసిన పరిశోధనలో గర్భధారణ తగ్గలేదు. అయినా డాక్టరును అడగకుండా ఇంట్లో ఉన్న బిళ్ల వేసుకోవడం మంచిది కాదు. ఆ రోజు బండి నడపకూడదు, ముఖ్యమైన కాగితాల మీద సంతకాలు పెట్టకూడదు, రాత్రికి తోడు ఒకరు ఉండాలి.

మామూలు నొప్పి గంటగంటకూ తగ్గుతుంది. గంటగంటకూ పెరిగే నొప్పి వేరే సంగతి చెబుతుంది. కళ్లు తిరగడం, భుజం నొప్పి, గుండెదడ తోడైతే లోపల రక్తం కారుతున్నట్టు అనుమానించాలి. చలిజ్వరం వస్తే ఇన్‌ఫెక్షన్. నాలుగైదు రోజులకు కడుపు ఉబ్బిపోయి, బరువు పెరిగి, మూత్రం తగ్గి, ఆయాసం వస్తే అది అండాశయాలు అతిగా స్పందించడం వల్ల వచ్చే ఓహెచ్‌ఎస్‌ఎస్. సంచులు ఎక్కువ ఉన్నవారికి ఈ ముప్పు ఎక్కువ, అందుకే వారికి ట్రిగ్గర్ మందు మారుస్తారు, పిండాలను అప్పుడే పెట్టకుండా శీతలీకరించి ఉంచుతారు. వీటిలో ఏది కనిపించినా నొప్పి బిళ్లతో సరిపెట్టుకోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఫలదీకరణ చెందిన పిండాన్ని మూడో రోజునో, ఐదో రోజునో, లేదా శీతలీకరించి తర్వాతి నెలల్లోనో గర్భాశయంలో పెడతారు. అందుకు వాడేది మెత్తటి సన్నటి గొట్టం. అది ముఖద్వారం గుండా పోతుంది, ఏ గోడనూ గుచ్చదు. దానికి మామూలుగా మత్తు అవసరం ఉండదు.